సమాధానం: ఓఎస్‌పీఎఫ్ ఎక్స్‌స్టార్ట్ దగ్గరే ఆగిపోతే ముందు ఎంటీయూ చూడు

తమ్ముడూ, మారతహళ్లి పీజీలో పెట్టుకున్న ల్యాబ్‌లో రెండు రౌటర్ల మధ్య పింగ్ (అవతలిది అందుతోందా అని చూసే టెస్ట్) వెళ్తోంది, రౌటర్లు దారులు తెలుసుకోవడానికి వాడే ఓఎస్‌పీఎఫ్ ప్రోటోకాల్ మాత్రం ఎక్స్‌స్టార్ట్ (సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం మొదలయ్యే దశ) దాటడం లేదన్నావు. టెన్షన్ పడకు. రెండు వైపులా ఇంటర్‌ఫేస్ ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ ఎన్ని బైట్ల దాకా ఉండొచ్చనే పరిమితి, చూడు. ఒకవైపు 1500, ఇంకోవైపు 1400 ఉంటే సరిగ్గా ఇలాగే అవుతుంది.

రౌటర్లు మొదట పరిచయానికి పంపుకునే హలో ప్యాకెట్లలో ఎంటీయూ ఊసే ఉండదు. ఏరియా (ఓఎస్‌పీఎఫ్‌లో రౌటర్ల గుంపు), సబ్‌నెట్ మాస్క్, టైమర్లు కలిస్తే పరిచయం అయిపోతుంది. ఆ తర్వాత, తన దగ్గర ఏ సమాచారం ఉందో చెప్పడానికి పంపే డేటాబేస్ డిస్క్రిప్షన్ ప్యాకెట్‌లో రౌటర్ తన ఎంటీయూ రాసి పంపుతుంది. అవతలి రౌటర్ అందులో తన ఎంటీయూ కన్నా పెద్ద అంకె చూస్తే ప్యాకెట్‌ను పక్కన పడేస్తుంది. జవాబు రాలేదని ఇవతలిది మళ్లీ అదే పంపుతుంది. ఎంతసేపు చూసినా అంతే. ఓఎస్‌పీఎఫ్‌లో ప్రతి రౌటరూ ఏరియా మొత్తం మ్యాప్ దగ్గర పెట్టుకుని డైక్‌స్ట్రా పద్ధతిలో (అతి తక్కువ ఖర్చయ్యే దారి వెతికే లెక్క) దారి లెక్కేస్తుంది. మ్యాప్ ఇచ్చిపుచ్చుకోవడమే ఆగిపోతే ఇక దారులెక్కడివి?

మామూలు పింగ్ ప్యాకెట్ చిన్నది కాబట్టి దూరిపోతుంది. 1500 సైజు పెట్టి, ముక్కలు చేయొద్దనే ఆప్షన్‌తో పింగ్ చెయ్, బండారం బయటపడుతుంది.

ఎంటీయూ తేడాను పట్టించుకోవద్దని రౌటర్‌కి చెప్పే ఎంటీయూ ఇగ్నోర్ కమాండ్ కొట్టమని చాలామంది చెబుతారు. నేనైతే వద్దంటాను. వైట్‌ఫీల్డ్‌లో పనిచేసేటప్పుడు ఒక టన్నెల్ (వేరే నెట్‌వర్క్ గుండా వేసే వర్చువల్ లింక్) మీద అదే కొట్టాను. చెక్ అయితే దాటింది కానీ పెద్ద అప్‌డేట్ ప్యాకెట్లు మధ్యలో పడిపోయి, మ్యాప్ వివరాలు తెచ్చుకునే లోడింగ్ దశ దగ్గర మళ్లీ ఆగింది. తెల్లారేదాకా కూర్చున్నాను. రెండు వైపులా ఒకే అంకె పెట్టు. స్టేటస్ ఫుల్ (అంతా కలిసిపోయింది) అని రాకపోతే రెండు ఇంటర్‌ఫేస్‌ల కాన్ఫిగ్ ఇక్కడ పెట్టు, చూస్తాను.