జెండా తాడు ముట్టుకోవద్దన్నారు

ప్రశ్న: మాస్టారూ, మాది విశాఖపట్నంలో ఒక అపార్ట్‌మెంట్. మా వాచ్‌మన్‌ది నేపాల్. చాలా ఏళ్లుగా ఆగస్టు 15కి గద్దె కడిగి, సున్నం వేసి, జెండా మడిచి తాడుకి కట్టేది అతనే. పోయిన ఏడాది కమిటీలోకి కొత్తగా వచ్చిన ఒకాయన "పరాయి దేశం వాడితో మన జెండా కట్టించడమేంటి?" అని అందరి ముందూ అనేశాడు. అతను తాడు వదిలేసి గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. మేమెవరం నోరెత్తలేదు. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఇక ఆ రోజు కిందికే రానంటోంది. ఈ దేశభక్తి పండగలన్నీ చివరికి పరాయివాళ్లంటే పడకపోవడమేనట. మావారేమో "అతి చేస్తోంది" అంటారు. మీరేమంటారు?
– ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ అమ్మాయికి కోపం రావడం సబబే. ఆ కోపంలో తను తేల్చిన మాటను మాత్రం నేను ఒప్పుకోను.

ముందు ఆ కమిటీ ఆయన సంగతి చూద్దాం. నేను సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. జెండా పండగ రోజు స్కూల్లో ఎవరికి ఎంత టెన్షన్ ఉంటుందో నాకు బాగా తెలుసు. కాషాయం పైకి వచ్చేలా మడవాలి, లోపల పూలరేకులు పెట్టాలి, జారుముడి వెయ్యాలి. ముడి మరీ బిగిస్తే హెడ్మాస్టరు లాగుతూనే ఉంటారు, పిల్లలు నవ్వాపుకుంటూ ఉంటారు. వదులైతే జెండా పైకి వెళ్లకముందే విచ్చుకుంటుంది. మా అటెండరు తప్ప ఇంకెవరు వేసినా ఆ ముడి సరిగ్గా పడేది కాదు. 2002 నాటి ఫ్లాగ్ కోడ్‌లో కాషాయం పైన ఉండాలని, జెండా నేలకి తగలకూడదని, చిరిగింది ఎగరెయ్యకూడదని ఉంది. పూలరేకులు పెట్టుకోవచ్చని కూడా ఉంది. తాడు కట్టేవాడి పుట్టిన ఊరు ఏదని మాత్రం అది అడగదు.

పైగా పరాయివాడన్నది నేపాలీనా! మన సైన్యంలో ఏడు గోర్ఖా రెజిమెంట్లున్నాయి. 1947లో భారత్, నేపాల్, బ్రిటన్ చేసుకున్న ఒప్పందం ప్రకారం నేపాల్ పౌరులు కూడా వాటిలో చేరుతూ వచ్చారు. వాళ్లు మన యుద్ధాల్లో పోరాడారు, ప్రాణాలూ ఇచ్చారు. సైనిక లాంఛనాలతో సాగనంపేటప్పుడు శవపేటిక మీద పరిచేది ఈ జెండానే. ఇంకోటి కూడా ఆయన చెవిన వెయ్యండి. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె వచ్చి బి.టి. కాలేజీలో బస చేసినప్పుడు జనగణమన పాడితే, దానికి స్వరలిపి రాసుకున్నది మార్గరెట్ కజిన్స్. ఆవిడది ఐర్లండు.

ఇక మీ అమ్మాయి మాట. తను 1962 గురించి చదివితే ఆ వాదనకి బలమూ దొరుకుతుంది, జవాబూ దొరుకుతుంది. బడిలో రోజూ చెప్పించే "భారతదేశం నా మాతృభూమి" ప్రతిజ్ఞ ఉంది చూశారూ, అది రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు మా నల్లగొండ మనిషి. రాసింది మాత్రం మీ విశాఖలో, ట్రెజరీ ఆఫీసరుగా ఉన్నప్పుడు, 1962లో. చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది అది. ఎక్కడ చూసినా సభలు, ఊరేగింపులు. ఆడవాళ్లు ఒంటిమీది బంగారం తీసి రక్షణ నిధికి ఇచ్చారు. అంత వేడిలో పుట్టిన ప్రతిజ్ఞలో చైనా పేరు లేదు, శత్రువన్న మాటే లేదు. భారతీయులందరూ నా సహోదరులు, నా ప్రజల పట్ల సేవానిరతి కలిగి ఉంటాను, అంతే. దేశాన్ని ప్రేమించడానికి ఎదుటివాణ్ణి తిట్టక్కర్లేదనడానికి మీ ఊళ్లోనే ఇంత మంచి సాక్ష్యం ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అస్సాం, షిల్లాంగ్, డార్జిలింగ్ వైపు చైనా సంతతి కుటుంబాలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి రైలెక్కించారు. ఇంచుమించు 3 వేల మందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ నిర్బంధ శిబిరంలో పెట్టారు. చెప్పుల షాపువాళ్లు, వడ్రంగులు, తోటల్లో పనిచేసేవాళ్లు. చాలామంది ఇక్కడే పుట్టారు, చైనా ముఖం చూడనివాళ్లు. యుద్ధం నెల రోజుల్లో ఆగిపోయినా కొందరు ఏళ్ల తరబడి ఆ ఎండలోనే ఉండిపోయారు. తిరిగి వచ్చేసరికి ఇళ్లూ దుకాణాలూ వేరేవాళ్ల చేతుల్లో ఉన్నాయి. మా రోజుల్లో పాఠ్యపుస్తకాల్లో యుద్ధం ఉండేది, దేవ్‌లీ ఉండేది కాదు. నేనూ పిల్లలకి చెప్పలేదు, నాకే తెలియదు మరి.

అందుకే జెండా పండగను ద్వేషం అనను. అదే పండగలో "వీడు మనవాడు కాదు" అని ఒకడు వేలు చూపించినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేస్తారన్నదే నాకు లెక్క. 2017లో అమెరికాలోని కాన్సస్‌లో ఒక బార్‌లో "నా దేశం నుంచి పోండి" అని అరుస్తూ ఒక తెలుగు ఇంజనీరును కాల్చి చంపారు. మీ కమిటీ ఆయన్ను ఆ హంతకుడితో పోల్చను, అది అన్యాయం. కానీ ఆ బార్‌లో అడ్డం వెళ్లి తూటా తిన్న అమెరికన్ ఒకడున్నాడు. అతనిదీ ఆ దేశమే, వాళ్ల స్వాతంత్య్ర దినం జులై 4 అతనిదీనూ. ఆ దేశపు పండగంతా హంతకుడిదే అంటామా?

మీ అమ్మాయి పైన కూర్చుంటే కింద మైకు ఆ కమిటీ ఆయనకే మిగులుతుంది. కాబట్టి తనని రమ్మనండి, ప్రతిజ్ఞ చదివే పని తనకే ఇప్పించండి. చదివే ముందు అది ఎప్పుడు, ఎక్కడ పుట్టిందో రెండు ముక్కలు చెప్పమనండి. దేవ్‌లీ గురించి చెప్పాలనుకుంటే చెప్పనివ్వండి. ఒకరిద్దరు ముఖం ముడుచుకుంటారు, ఫరవాలేదు.

వాచ్‌మన్ దగ్గరికి పండగ రోజు దాకా ఆగకుండా ఇప్పుడే వెళ్లండి. ఆ రోజు మేం మాట్లాడాల్సింది, మాట్లాడలేదు అని చెప్పండి. ఈసారి తాడు కడతావా అని అడగండి. వద్దంటే బలవంతపెట్టకండి, అతనికీ పౌరుషం ఉంటుంది.

కమిటీ మీటింగులో ఈ విషయం ఎత్తే పని మాత్రం మీవారికి అప్పగించండి. ఇంట్లో కూతుర్ని "అతి" అనడం కంటే అది కాస్త కష్టమైన పని.