సరుకు ఎంచడానికి జపానుకు, ఉత్తర దేశాలకు వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

అక్టోబరులో నువ్వు దుకాణం తరఫున మొదట జపానుకు, అక్కడి నుంచి డెన్మార్కు, స్వీడన్, ఫిన్లండులకు వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఇరవై ఏళ్ళకు పైగా నేను తిరిగిన దారులే కాబట్టి నాలుగు మాటలు రాయాలనిపించింది. అందమైనదేదో నీకు నేను చెప్పనవసరం లేదు, నీ కన్ను నా కన్ను కంటే మంచిది. అయితే ఏ కార్ఖానాలోనైనా, ఏ కుమ్మరి ఇంట్లోనైనా ఒక వస్తువును చేతికి తీసుకున్నప్పుడు, ధర అడగడానికి ముందే "ఇది దేనికి ఓర్వదు?" అని అడగడం అలవాటు చేసుకో. చేసినవాడికి ఆ సంగతి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, పైగా అడిగినందుకు సంతోషిస్తాడు.

ఆ ప్రశ్నను నాకు నేర్పింది నష్టమే. జపానులో ఇవాతె ప్రాంతంలోని మొరియోకా, మిజుసావాలలో నంబు ఇనుప సామాను పోతపోస్తారు. అందులో పైకి అక్కాచెల్లెళ్ళలా కనిపించే రెండు రకాలున్నాయి. తెత్సుబిన్ అనేది నీళ్ళు మరగబెట్టే కెటిల్. దాని లోపల ఏ పూతా ఉండదు, బొగ్గుల మంటలో ఎర్రగా కాల్చినప్పుడు ఏర్పడే సన్నని పొరే దానిని తుప్పు నుంచి కాపాడుతుంది. క్యూసు అనేది టీ ఆకు నానబెట్టే పాత్ర. ఇనుముతో చేసిన క్యూసు లోపల సాధారణంగా నున్నని ఎనామెల్ పూత ఉంటుంది కాబట్టి దానిని పొయ్యి మీద పెట్టకూడదు. మొదటి ప్రయాణంలో రంగులు చూసి ముచ్చటపడి ముప్పై క్యూసులు తెచ్చాను. ఇనుప పాత్ర అనగానే మనవాళ్ళు స్టవ్వు మీదికి ఎక్కించక మానరు కదా! రెండు నెలలలో పదకొండు వెనక్కి వచ్చాయి, ప్రతిదానిలోనూ పూత పెచ్చులు లేచింది. అమ్మినవారు నన్ను మోసగించలేదు, నేనే అడగలేదు. తెత్సుబిన్ తెస్తే ఫిర్యాదు ఇంకో రకంగా వస్తుంది: లోపల ఎర్రమచ్చలు కనిపించాయని పీచు పెట్టి తోమేస్తారు. లోపల తోమకూడదని, కాచిన నీళ్ళు ఎర్రబారనంత వరకు భయం లేదని, ఎర్రబారితే కాస్త టీ ఆకు వేసి మరిగిస్తే మచ్చలు నల్లబడి సర్దుకుంటాయని తెలుగులో చీటీ అచ్చువేయించి ప్రతి పెట్టెలోనూ వేయి.

అక్టోబరు మొదట్లో నీగాతా ప్రాంతంలోని త్సుబమె, సాంజో పట్టణాలలో కార్ఖానాలు తలుపులు తెరిచి, చూడవచ్చినవారికి పని చూపిస్తాయి. వీలు చేసుకుని వెళ్ళు. అక్కడి కార్బన్ స్టీలు కత్తులు వెంట్రుకను చీల్చేంత పదును, కానీ నిమ్మరసం తగిలి తుడవకపోతే గంటలో మచ్చపడతాయి, మాంసం దుకాణంలోలా ఎముక మీద కొడితే అంచు విరుగుతుంది. మన వంటింటికి స్టెయిన్‌లెస్ రకం చాలు అని నా అభిప్రాయం, నీకు వేరేగా తోస్తే వాదించను.

ఇక కుండల సంగతి. పేరున్న కుమ్మరి హమదా షోజి స్థిరపడిన మషికో అందరూ వెళ్ళే ఊరే. ఏప్రిల్ చివరి సెలవులలోనూ నవంబరు మొదట్లోనూ అక్కడ పెద్ద సంత జరుగుతుంది. ఈసారి అది నీకు అందదు. ఎప్పుడైనా అందితే సంత కళ్ళారా చూడు గాని, ఆర్డరు మాత్రం అక్కడ ఇవ్వకు, ఆ రద్దీలో నీతో కూర్చుని మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. నా మనసు ఎప్పుడూ క్యూషూ దీవిలో, హితా పట్టణానికి ఎగువన కొండల నడుమ ఉన్న ఓంతా మీదే. అక్కడ కుండలు చేసే కుటుంబాలు పదికి మించి లేవు. మట్టిని మనుషులు దంచరు, వాగు దంచుతుంది. మన ఏతం లాంటి పెద్ద దూలానికి ఒక చివర తొట్టిలా తొలిచి ఉంటుంది. అందులో వాగు నీరు నిండగానే ఆ చివర కిందికి వంగి నీళ్ళు ఒలికిపోతాయి, రెండో చివర ధబ్బున పడి మట్టిపెళ్ళలను పొడి చేస్తుంది. రాత్రింబవళ్ళు ఊరంతా ఆ దెబ్బే వినిపిస్తూ ఉంటుంది. అలా వారాల తరబడి దంచితే గాని సారె ఎక్కించే మట్టి తయారు కాదు, అందువల్ల మరో వంద పళ్ళేలు త్వరగా కావాలని అడగడం వాగును తొందరపెట్టడమే. పాత్ర అడుగున చేసినవారి పేరు వేసుకోకపోవడం ఆ ఊరి కట్టుబాటు, కాబట్టి సంతకం ఏదని అడిగే కొనుగోలుదారుకు ఈ సంగతి చెప్పేందుకు సిద్ధంగా ఉండు.

ఇలాంటి ముతక మట్టి పాత్రలు దేనికి ఓర్వవో నీకు వేరే చెప్పాలా? పసుపుకు, నూనెకు! గ్లేజు, అంటే పైన ఉండే గాజు పూత, దాని మీది సన్నని పగుళ్ళలోకి పులుసు దిగితే ఆ మరక జన్మకు పోదు. జపాను ఇళ్ళలో దీనికి చేసే ఉపాయం మన అమ్మమ్మలు విన్నా మెచ్చుకునేదే: కొత్త పాత్రను బియ్యం కడిగిన నీళ్ళలో ముంచి, సన్నని సెగ మీద కాసేపు మరగనిచ్చి, ఆ నీళ్ళలోనే చల్లారనిస్తారు, పిండి పదార్థం ఆ సందులలో నిండి కూర్చుంటుంది. ఆ తరువాత కూడా వడ్డించే ముందు ప్రతిసారీ మంచినీళ్ళలో ఒకసారి తడిపి తీస్తారు. ఎంత చేసినా సాంబారుకు క్యూషూలోని అరిత పింగాణియే ఉత్తమం. అక్కడ 17వ శతాబ్దం మొదటి నుంచీ అదే పని చేస్తున్నారు.

ఒక చిన్న మాట, మరిచిపోకముందే చెప్తాను. పాత్రలు చూడబోయే ముందు గాజులు, ఉంగరాలు, గడియారం తీసి సంచిలో పెట్టుకో. ఒకసారి ఒక ముసలి కుమ్మరి ఎదుట నేను టీ గిన్నె ఎత్తినప్పుడు నా గాజు దాని అంచుకు టింగుమని తగిలింది. ఆయన ఏమీ అనలేదు గాని ఆ తరువాత చూపించిన గిన్నెలన్నీ తన చేతుల్లోనే పట్టుకుని చూపించాడు. గిన్నెను రెండు చేతులతో, చాపకు దగ్గరగా పట్టుకుని చూడాలి.

వజిమా ఊళ్ళో చేసే లక్కపూత చెక్క పాత్రల విషయంలో తొందరపడకు. మనం ఏటికొప్పాక బొమ్మల పూతనూ, ఆ పూతనూ రెంటినీ లక్క అనే అంటాం గాని రెంటికీ పొత్తు లేదు. ఏటికొప్పాకలో వాడేది పురుగు ఇచ్చే లక్క, వేడికి మెత్తబడుతుంది. వజిమాలో వాడే ఉరుషి ఒక చెట్టు పాలు, తేమను పీల్చుకుని గట్టిపడుతుంది. అందుకే పూత పూసిన గిన్నెలను ఎండలో ఆరబెట్టకుండా, తేమ నిలిపిన చెక్క బీరువాలో ఉంచుతారు. ఆ చెట్టు మన మామిడి, జీడిమామిడి, నల్లజీడి కుటుంబానిదే కనుక పచ్చి పాలు తగిలితే నల్లజీడి తగిలినట్టే ఒళ్ళు పొక్కుతుంది. పనివారి గదిలో దేనినీ తాకకు. గట్టిపడిన పూతతో ఏ ప్రమాదమూ లేదు, వేడి చారు పోసుకోవచ్చు. ఓర్వనివి ఎండ, మైక్రోవేవ్, మరీ పొడిగాలి. మన ఏప్రిల్, మే నెలలలో ఏసీ గాలి సూటిగా తగిలే అరలో పెడితే చెక్క బిగిసి పూత చిట్లుతుంది, అందుకే అద్దాల బీరువాలో ఒక మూల గ్లాసుతో నీళ్ళు పెట్టడం నేను ఎన్నడూ మానలేదు. 2024 జనవరి 1న వచ్చిన భూకంపంలో, ఆ వెంటనే చెలరేగిన మంటలలో ఆ ఊరు చాలా పోగొట్టుకుంది. ఒక్క గిన్నెకు వందకు పైగా దశలు, ఒక్కో రకం పనికి ఒక్కో చేయి. అందులో ఏ ఒక్కరు పని మానినా గిన్నె ఆగిపోతుంది. కాబట్టి అడ్వాన్సు ముందే చెల్లించి, గడువు అడగకుండా వచ్చేయి. బేరం అసలు ఆడకు.

బేరం మాట వచ్చింది కాబట్టి వ్యాపారం సంగతి కూడా రెండు ముక్కలు చెప్తాను. అరిత వంటి చోట్ల చాలా కార్ఖానాలు తొన్‌యా, అంటే టోకు వర్తకుడి ద్వారానే అమ్ముతాయి. ఆయనను దాటి నేరుగా వెళ్ళి రెండు రూపాయలు మిగిల్చుకుందామని చూస్తే రెండు తలుపులూ మూసుకుంటాయి. వాళ్ళు చిల్లర ధరలో ఇంత శాతం అని లెక్క చెప్తారు, ఆ శాతాన్ని కకెరిత్సు అంటారు. పాత్రలు అయిదేసి చొప్పున ఒక సెట్టుగా కడతారు, వారి భాషలో నాలుగు అనే మాట చావు అనే మాటలా వినిపిస్తుందని. మనవాళ్ళు ఆరు అడుగుతారు కనుక విడిగా ఇమ్మని ముందే చెప్పుకో.

టోక్యోలో ఒక పూట మిగిలితే కొమాబాలోని జానపద కళల మ్యూజియం చూడు. జపాను జానపద కళల ఉద్యమానికి పెద్ద అయిన యనగి సోఎత్సు 1936లో తెరిచిన ఇల్లు అది. ఆయన, హమదా కలిసి 1929లో స్టాక్‌హోమ్ వెళ్ళి అక్కడి నార్డిక్ మ్యూజియంలో పల్లెటూరి పనిముట్లను, గిన్నెలను చూశారు. అలాంటి మ్యూజియం తమ దేశంలోనూ ఉండాలన్న కోరికకు ఆ ప్రయాణం బలమిచ్చింది. ఈ మధ్య జపాను, స్కాండినేవియా పేర్లు కలిపి జపాండి అని ఒక పేరు పెట్టి లేత రంగు సోఫాలు అమ్ముతున్నారు. నాకు ఆ మాట రుచించదు, ఆ రెండు ప్రాంతాల మధ్య రాకపోకలు ఈ ఫ్యాషన్ కంటే చాలా పాతవి.

ఉత్తర దేశాలలో నీ పని తేలిక. స్వీడన్, ఫిన్లండులలో జూలై అంతా సెలవులే, అక్టోబరు కాబట్టి నీకు ఆ చిక్కు లేదు. కోపెన్‌హేగెన్ నీలి పూల పింగాణి కొనేటప్పుడు పళ్ళెం తిప్పి చూడు: అడుగున ఉండే మూడు అలల గుర్తు మీదుగా గీత గీసి ఉంటే అది రెండో రకం. రెండో రకం కొనడం తప్పు కాదు, మొదటి రకం ధరకు కొనడం తప్పు. స్వీడన్‌లో లొప్పిస్ అనే పాత సామాన్ల సంతలలో గుస్తావ్స్‌బెర్గ్ పింగాణి కార్ఖానా చేసిన మంచి పళ్ళేలు దొరుకుతాయి. అంచు మీద గోరు నడిపించి చూసుకో, పెచ్చు ఊడినది కంటికంటే గోటికి ముందు తెలుస్తుంది. ఫిన్లండు వాళ్ళను స్కాండినేవియా వాళ్ళని అనకు, నార్డిక్ అంటే సంతోషిస్తారు.

ఫిన్లండు ఉత్తరాన ఉన్న లాప్లాండులో కుక్సా అనే చెక్క కప్పులు కనిపిస్తాయి. అసలైనది బర్చ్ చెట్టుకు బుడిపెలా పెరిగిన కణితిని తొలిచి చేస్తారు, అందులో నార సుడులు తిరిగి ఉంటుంది కనుక సులభంగా పగలదు. విమానాశ్రయంలో దొరికేవి చాలావరకు యంత్రం మీద తీసినవి, వాటిలో నార నిలువు గీతలుగా కనిపిస్తుంది. అక్కడి ఆదివాసులైన సామీ జాతివారు చేసినదైతే, వారి చేతిపనికి 1982 నుంచి వాడుకలో ఉన్న సామీ దుయోద్యి గుర్తు ఉందేమో చూడు, లేకపోతే ఎవరు చేశారో అడుగు. పిడికి రెయిన్‌డీర్ కొమ్ము పొదిగినవి కస్టమ్స్ వారితో తలనొప్పి కనుక వదిలేయి. కుక్సా దేనికి ఓర్వదో నేనే చెప్పేస్తాను: సబ్బుకు, నానబెట్టడానికి, పొయ్యి పక్కన ఆరబెట్టడానికి. నాది పద్నాలుగేళ్ళుగా వట్టి నీళ్ళతో కడుగుతున్నాను. ఫిల్టరు కాఫీ పట్టి పట్టి లోపలంతా నల్లబడింది. దుకాణంలో గల్లాపెట్టె పక్క అరలో ఉంటుంది, వెళ్ళేముందు తీసి చూసుకో. కొత్త దానిలో నార ఎలా ఉండాలో దాన్ని చూస్తే తెలుస్తుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ