ఆ రోజు అమ్మ నీ వైపే చూసింది

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఏడాదిన్నర క్రితం నాన్నగారు గుండెపోటుతో పోయారు. పదో రోజు మా మేనత్తలు, పెద్దమ్మ దగ్గరుండి అమ్మకి అన్నీ చేయించారు. అమ్మ ఒక్కసారి నా వైపు చూసింది గానీ, పెద్దవాళ్ళ ముందు నేనేం మాట్లాడగలను? అప్పటి నుంచి బొట్టు పెట్టుకోదు, రంగు చీర కట్టదు. నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే వెనక గదిలోకి వెళ్ళిపోతుంది. వచ్చే మాఘంలో నా పెళ్ళి. నిశ్చితార్థం రోజు తాంబూలాల పళ్ళెం హాలు గుమ్మం దాకా తెచ్చి, పిన్ని చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. అమ్మాయి తరఫు వాళ్ళు బాగా చదువుకున్నవాళ్ళు, వాళ్ళ ముందు చాలా ఇబ్బందిగా అనిపించింది. ఎంత చెప్పినా అమ్మ మారడం లేదు. ఈ మూఢనమ్మకాలు ఎలా పోగొట్టాలి? కౌన్సెలింగ్ ఇప్పించాలా? డబ్బు టెన్షన్ కూడా లేదు, నాన్నగారి డిపాజిట్లు, ఇల్లు అన్నీ నా పేరు మీదకు మార్పించాను. అమ్మ, అక్క సంతకాలు పెట్టారు.

జవాబు: బాబూ, నువ్వు మా అబ్బాయి కంటే చిన్నవాడివి, అందుకే నువ్వు అనే రాస్తున్నాను. మీ అమ్మగారికి కౌన్సెలింగ్ ఏమీ అక్కర్లేదు, ఆ మాట వదిలెయ్.

నీ ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. అమ్మ నా వైపు చూసింది అని రాశావే, అక్కడ. ఏడాదిన్నర దాటినా అది నీకు గుర్తుంది, రాయకుండా ఉండలేకపోయావు. మీ ఇద్దరి మధ్య ఉన్నది అదే, మిగతావన్నీ దాని వెనకాల వచ్చినవి.

ఆ రోజు ఏం చేస్తారో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున లేపి తలంటి, ముఖం నిండా పసుపు రాసి, రూపాయి కాసంత బొట్టు పెట్టి, తల నిండా పూలు, చేతుల నిండా మట్టిగాజులు వేసి కూర్చోబెడతారు. కాసేపట్లో అన్నీ తీసేయడానికే అంత ముస్తాబు. ఊరిని బట్టి, కులాన్ని బట్టి చెరువు గట్టు మీదో, బావి దగ్గరో, పెరట్లోనో చేస్తారు, చాలాచోట్ల ఆ చేసేవాళ్ళు కూడా ఒకప్పుడు అలా కూర్చున్న ఆడవాళ్ళే. గాజు పగిలి మణికట్టు కోసుకుపోయిన వాళ్ళని నేను చూశాను. పది రోజులుగా కంటి మీద కునుకు లేని మనిషి, ముద్ద గొంతు దిగని మనిషి, ఆ గుంపులో తనవాడు ఎవరా అని చూసుకుంటే కనిపించింది నువ్వు. కర్మ చేస్తున్న కర్తవి నువ్వే. నువ్వొద్దంటే ఆగేది.

ఆగేదా అంటావేమో, ఆగుతుంది, నాకు ఆగింది. మా ఆయన పోయి ఇరవై రెండేళ్ళయింది. పదో రోజు పొద్దున్నే చుట్టాలు గాజుల బుట్ట పట్టుకుని వస్తే మా అత్తగారు నా గది గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. కన్నకొడుకు పోయిన మనిషి, అక్షరం ముక్క రాదు, ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. "నా కొడుకు పోయింది చాలు, నా కోడల్ని ఎవరూ ముట్టుకోవద్దు" అంది. ఇద్దరు ముగ్గురు గొణిగారు, ఒకావిడ భోజనం చేయకుండానే వెళ్ళిపోయింది, అంతటితో సరి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్ళు మోసి, వండి పెట్టారు. అయినవాళ్ళు ఒక్కరు పక్కన నిలబడితే చాలు అన్నది నా అనుభవం, నమ్మకం. మొన్న 2022 మే నెలలో మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్‌లో గాజులు పగలగొట్టడం, కుంకుమ తుడవడం, మెట్టెలు తీయడం ఇకపై వద్దని గ్రామసభలో తీర్మానం చేశారు, మిగతా పంచాయతీలు కూడా అదే దారిలో నడవాలని ఆ రాష్ట్ర ప్రభుత్వం ఆ నెలలోనే ఉత్తర్వు ఇచ్చింది. ఒక ఊరు ఊరే మానుకోగలిగింది, మీ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళకి ఎదురు చెప్పడం అసాధ్యమేమీ కాదు.

తండ్రి పోయిన దుఃఖంలో ఉన్నావు, నోరు పెగల్లేదు. అది నాకు అర్థమవుతుంది, దానికి నిన్ను తప్పు పట్టను. కానీ ఆ తర్వాత ఏడాదిన్నరలో ఒక్కసారైనా ఆ మాట ఎత్తావా? ఎత్తకపోగా ఇప్పుడు ఆవిడవి మూఢనమ్మకాలు అంటున్నావు! భర్త పోయిన ఆడమనిషి ఎదురొస్తే వెనక్కొచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాళ్ళని ఆవిడ చిన్నప్పటి నుంచి చూసింది. రేపు నీ బండికి చిన్న దెబ్బ తగిలినా "తల్లి ఎదురొచ్చింది" అనే నోళ్ళు ఏవో ఆవిడకి తెలుసు. నువ్వు చెప్పులు వేసుకునే చప్పుడు విని వెనక గదిలోకి వెళ్తోందంటే అది నీ మీద ప్రేమ. ఆ పళ్ళెం పిన్ని చేతికివ్వడం కూడా అంతే, నీ శుభకార్యంలో ఎవరూ వంక పెట్టకూడదని.

ఇంకో మాట, నీకు కోపం వచ్చినా సరే. అప్పుడు నలుగురూ ఏమనుకుంటారోనని మేనత్తలు ఆవిడ బొట్టు తీశారు. ఇప్పుడు వియ్యాలవారు ఏమనుకుంటారోనని నువ్వు పెట్టుకోమంటున్నావు. ఆవిడకి ఏం కావాలో రెండుసార్లూ ఎవరూ అడగలేదు. బొట్టు, పూలు, గాజులు పుట్టినప్పటి నుంచి ఉన్నవే, మొగుడితో వచ్చినవి కావు అనే వాదన ఆవిడకి నువ్వు చెప్పక్కర్లేదు, ఆవిడకి తెలియనిదేమీ కాదు.

ఆస్తి సంగతి చదివితే మాత్రం నిజంగా బాధేసింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన మనిషి ఆస్తిలో భార్యకి పిల్లలతో సమానంగా వాటా ఉంది. మీ నాన్నమ్మ లేకపోతే మీ ఇంట్లో అది మూడు సమాన భాగాలు, అమ్మది, అక్కది, నీది. మీ అమ్మ సంతకం పెట్టింది అంటున్నావు, పెట్టమన్నచోట పెట్టే స్థితిలో ఉన్న మనిషి ఆవిడ. డబ్బు టెన్షన్ లేదంటున్నావు, మందులకీ గుడికీ నీ దగ్గర చెయ్యి చాపడం టెన్షన్ కాదా? పెళ్ళికి ముందే వకీలుని కలిసి ఆవిడ వాటా ఆవిడ పేరు మీద, ఆవిడ బ్యాంకు ఖాతాలో పెట్టించు. అక్కతో కూడా మాట్లాడు.

ఇక అమ్మతో. రాత్రి భోజనాలయ్యాక, ఫోన్ పక్కన పెట్టి, ఆవిడ దగ్గర కూర్చో. "ఆ రోజు నువ్వు నా వైపు చూశావమ్మా, నేను తల దించుకున్నాను, తప్పు చేశాను" అని చెప్పు. బొట్టు మాట ఎత్తకు, పెళ్ళి మాట ఎత్తకు. ఏడవచ్చు. "పోన్లే నాన్నా, పడుకో" అని లేచి వెళ్ళిపోవచ్చు కూడా. వెళ్ళనివ్వు, రెండు రోజులాగి మళ్ళీ కూర్చో.

ఆ తర్వాత మేనత్తలకి నువ్వే ఫోన్ చెయ్, అమ్మ చేత చేయించకు. నిన్ను పెళ్ళికొడుకుని చేసే రోజు నీ నెత్తిన మొదట నూనె పెట్టేది, బుగ్గన చుక్క పెట్టేది అమ్మేనని, ఇష్టం లేనివాళ్ళు అక్షింతలు వేసే వేళకి వస్తే చాలని చెప్పు. పురోహితుడికీ, చేసుకోబోయే అమ్మాయికీ ముందే చెప్పి ఉంచు. ఆ రోజు మీ అమ్మ పట్టుచీర కడుతుందో తెల్లచీర కడుతుందో, బొట్టుతో వస్తుందో లేకుండా వస్తుందో ఆవిడ ఇష్టం. ఎలా వచ్చినా నూనె గిన్నె ఆవిడ చేతికే ఇవ్వాలి.

రేపు ఆఫీసుకి బయల్దేరేటప్పుడు నేరుగా గుమ్మం వైపు నడవకు. వెనక గదిలోకి వెళ్ళి, "ఎదురు రా అమ్మా" అని పిలువు. రాకపోతే ఎల్లుండి కూడా పిలువు.