న్యూయార్క్‌లో మంచి పిజ్జా కావాలంటే ముందు స్లైస్ అడుగు చూడండి

వచ్చే నెల అమ్మానాన్నలతో నాలుగు రోజులకి న్యూయార్క్ వస్తున్నామని, ఏ లిస్టు తెరిచినా "బెస్ట్ పిజ్జా" అంటూ యాభై షాపుల పేర్లు ఉంటున్నాయని, ఏది నమ్మాలో తేలక టెన్షన్‌గా ఉందని రాశారు. నేను పదేళ్లుగా జెర్సీ సిటీలో ఉంటున్నానండి. కేవలం పిజ్జా కోసమే హడ్సన్ నది దాటి వెళ్లిన శనివారాలు చాలా ఉన్నాయి. నాకు తెలిసింది చెబుతాను.

వచ్చిన కొత్తలో టైమ్స్ స్క్వేర్ దగ్గర ఆకలేసి, పెద్ద లైట్ల బోర్డు చూసి ఒక షాపులోకి వెళ్లాను. ఎప్పుడు చేసి పెట్టారో తెలియని ముక్కని వేడి చేసి ఇచ్చారు. చీజ్ రబ్బరులా సాగింది, కింద రొట్టె తడిసిన అట్టముక్కలా ఉంది. న్యూయార్క్ పిజ్జా అంటే ఇంతేననుకుని చాలాకాలం ఆ జోలికే పోలేదు.

మళ్లీ దారిలో పెట్టింది మా అమ్మ. 2018లో తణుకు నుంచి వచ్చినప్పుడు గ్రీనిచ్ విలేజ్‌లో కార్మైన్ స్ట్రీట్ మీద ఉన్న జోస్ పిజ్జాకి తీసుకెళ్లాను. 1975 నుంచి ఉన్న షాపు అది. చిన్న చోటు, నిలబడే తినాలి. కాగితం ప్లేటులో స్లైస్ చేతికి రాగానే అమ్మ కొరకలేదు. అంచు పట్టుకుని పైకెత్తి, మెడ వంచి అడుగు చూసింది. ఇంట్లో దిబ్బరొట్టె దించే ముందు అట్లకాడతో అంచు లేపి చూస్తుంది కదా, అచ్చం అలాగే. "ఎర్రగా కాలిందిరా, మాడలేదు" అంది. అప్పుడు తినడం మొదలుపెట్టింది. మొత్తం తిని, ఇంకోటి చెప్పమంది.

ఆ రోజు నుంచి నేను చూసేది కూడా అదే. అడుగున గోధుమరంగు మచ్చలు పడి, మడిచి పట్టుకుంటే బయట కరకరమని, లోపల మెత్తగా ఉండాలి. తెల్లగా, మెత్తగా వేలాడిపోతుంటే పైన ఎన్ని వేసినా లాభం లేదు. అందుకే కొత్త షాపులో ముందు ప్లెయిన్ చీజ్ స్లైస్ ఒక్కటే తీసుకోండి. పిండి, టమాటా సాస్, చీజ్ మూడూ బయటపడిపోతాయి. మసాలా దట్టించిన కూరలో వంకాయ లేతదో ముదురుదో తెలియదు కదా, టాపింగ్స్ విషయమూ అంతే. స్లైస్‌ని మళ్లీ ఓవెన్‌లో పెట్టి ఇవ్వడం ఇక్కడ మామూలే, అది తప్పు కాదు. చూడాల్సింది, వెనక నుంచి కొత్త పిజ్జాలు ఆగకుండా వస్తున్నాయా లేదా అని. కౌంటర్ ముందు ఐదు నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. ఇక్కడ పిజ్జా అంటే ఒకే రకం కాదు, అందుకే ఆ లిస్టులు ఒకదానితో ఒకటి కలవవు. జోస్ లాంటి స్లైస్ షాపుల్లో గ్యాస్ ఓవెన్, వేడి 500 ఫారెన్‌హీట్ పైచిలుకు. పాతకాలపు బొగ్గు ఓవెన్లలో 800 కూడా దాటుతుంది. కొన్ని నిమిషాల్లోనే కాలిపోయి అంచుల్లో నల్లటి మచ్చలు పడతాయి, కాస్త పొగ వాసన కూడా తగులుతుంది. జోస్ నుంచి నాలుగడుగులు వేస్తే బ్లీకర్ స్ట్రీట్‌లో జాన్స్ ఉంటుంది. 1929లో మొదలైంది, బొగ్గు ఓవెన్. అక్కడ స్లైసులు అమ్మరు, మొత్తం పిజ్జా తీసుకోవాలి. కూర్చోవడానికి చెక్క బెంచీలు ఉంటాయి, వాటి నిండా వచ్చినవాళ్లు చెక్కుకున్న పేర్లే. మీ అమ్మానాన్నలకి కాళ్లు నొప్పి పుడితే ఇది సుఖం. ఒకే సాయంత్రం జోస్‌లో తలో స్లైస్, జాన్స్‌లో అందరికీ కలిపి ఒక పిజ్జా తినండి. తేడా నాలుకకే తెలుస్తుంది.

కోనీ ఐలండ్ బీచ్‌కి వెళ్లే రోజు ఉంటే, దారిలో బ్రూక్లిన్‌లో ఎల్ అండ్ బీ స్పుమోని గార్డెన్స్ దగ్గర ఆగండి. నలుచదరంగా, మందంగా ఉండే సిసీలియన్ పిజ్జా. వాళ్లు చీజ్ కింద వేసి సాస్ పైన పోస్తారు, దాంతో రొట్టెకి సాస్ తడి తగలదు. బయట బల్లలుంటాయి. ఒక్కరికి రెండు ముక్కలే ఎక్కువ.

బంధువుల ఇంట్లో న్యూజెర్సీలోనే దిగుతుంటే నదికి ఇవతలే, మా ఊళ్లోనే, రాజా (Razza) అనే పిజ్జా రెస్టారెంట్ ఉంది. 2017లో న్యూయార్క్ టైమ్స్ రివ్యూలో మూడు స్టార్లు వచ్చాయి. నాకు అక్కడ అన్నిటికన్నా ఇష్టం ఆ అంచు. చీజ్ లేకుండా వట్టి అంచే తినేస్తాను.

మీరు శాకాహారులైతే ఒక్కటి జాగ్రత్త. పైన తురిమి చల్లే పెకరీనో, పార్మిజాన్ చీజ్‌లకి పాలు విరగడానికి సంప్రదాయంగా గొర్రెపిల్ల లేదా దూడ కడుపులోంచి తీసిన రెనెట్ అనే పదార్థం వాడతారు. పట్టింపు ఉంటే "తురిమిన చీజ్ వద్దు" అని ముందే చెప్పండి, పిజ్జా మీద కరిగే మొజరెల్లా చీజ్ సంగతి కూడా అడగండి. మాంసాహారులైనా, పిజ్జా మీద వేసే పెప్పరోని అనే సాసేజ్ ముక్కల్లో మామూలుగా పంది మాంసంతో పాటు గొడ్డు మాంసం కూడా ఉంటుంది, పెద్దవాళ్లకి తెలియకుండా పెట్టొద్దు. మా నాన్నకి చప్పగా అనిపిస్తే కౌంటర్ మీదున్న ఎండుమిరప పలుకుల డబ్బా అందుకునేవారు, దానికి డబ్బులేమీ తీసుకోరు. కొన్ని పాత షాపుల్లో కార్డు తీసుకోరు కాబట్టి నలభై డాలర్లు నోట్లు దగ్గర పెట్టుకోండి.

మీరు ఎక్కడ దిగుతున్నారో, అమ్మానాన్నలు మెట్లు ఎంతవరకు ఎక్కగలరో రాయండి. కొన్ని సబ్‌వే స్టేషన్లలో లిఫ్ట్ ఉండదు, దాన్నిబట్టి ఏ రోజు ఏ షాపుకి వెళ్లాలో చెబుతాను.