బ్యాగులు, టార్పులు కుట్టడానికి ఏ మిషన్ కొనాలి: మేనకోడలికి మావయ్య ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. ట్రెక్కింగ్‌కి కావలసిన బ్యాగు, వాన కవరు, పైన పందిరిలా కట్టుకునే టార్పు ఇంట్లోనే కుట్టుకుంటానని, ఏ మిషన్ కొనమంటావని రాశావు. చదివి చాలా సంతోషించాను. నీ వీపు కొలతకి నువ్వే కుట్టుకున్న బ్యాగులాంటిది షాపులో దొరకదు. నువ్వు పంపిన మిషన్ల ఫోటోలు మాత్రం కాసేపు పక్కన పెట్టు తల్లీ. ముందు ఏం కుడతావో చూసుకుందాం.

టార్పుకి, వాన కవరుకి వాడే రిప్‌స్టాప్ నైలాన్ పల్చగా ఉంటుంది, చేతిలో నిలవదు, జారిపోతుంది. బ్యాగు అడుగుకి వేసే 500, 1000 డెనియర్ (డెనియర్ అంటే దారం మందం కొలతలే) కార్డురా అలా కాదు, గట్టి బట్ట. దాని అంచులో నైలాన్ బెల్టు మడిచి పెట్టిన చోట సూది ఐదారు పొరలు దాటాలి. ఈ రెండు పనులూ ఒకే మిషన్ చెయ్యాలి. కంప్యూటర్ మిషన్‌లో ఎన్ని డిజైన్ కుట్లున్నా నీకు రోజూ అక్కరకొచ్చేది తిన్నగా వెళ్లే సాదా కుట్టే.

అందుకని ఇనుప బాడీతో వచ్చే నల్ల మిషన్, కాలితో తొక్కే స్టాండుతో సహా తీసుకో. సాదా కుట్టు మిషన్‌లో సూది కింద ప్లేటుకి చిన్న గుండ్రటి రంధ్రమే ఉంటుంది. జిగ్‌జాగ్ మిషన్‌లో సూది అటూ ఇటూ కదలాలి కాబట్టి ఆ రంధ్రం వెడల్పుగా ఉంటుంది. పల్చటి నైలాన్ అందులోకి దిగిపోయి, కింది దారం ఉండే షటిల్ దగ్గర చిక్కుకుంటుంది. ఇక మందం సంగతి. బెల్టు మీదికి వచ్చేసరికి వేగం తగ్గాలి, బలం తగ్గకూడదు. చిన్న మోటార్లు చాలావాటికి నెమ్మదిగా నడిపితే ఆ బలం ఉండదు. తొక్కుడు మిషన్ అయితే కుడిచేత్తో చక్రం తిప్పుకుంటూ ఒక్కో కుట్టూ దింపుకోవచ్చు. మన దగ్గర దొరికే నల్ల మిషన్లు ఎక్కువగా పాత సింగర్ 15 తరహావి. వాటి బాబిన్లు, సూదులు, షటిళ్లు చిన్న ఊళ్లలోని రిపేరు షాపుల్లో కూడా దొరుకుతాయి. ఇంట్లో చోటుంటే టైలర్లు అంబ్రెల్లా మిషన్ అనే పెద్దది చూడు, ఇంకా మేలు.

ఇండస్ట్రియల్ అన్న పేరు చూసి మాత్రం కొనకు. గార్మెంట్ ఫ్యాక్టరీల్లో వాడే మామూలు ఇండస్ట్రియల్ మిషన్ చొక్కాల బట్ట కోసం తయారైంది, నిమిషానికి ఐదు వేల కుట్లదాకా పరుగెడుతుంది. మందం బెల్టుల కోసం తయారైంది కాదు. తప్పదనుకుంటే వేగం తగ్గించుకునే సర్వో మోటారుతో తీసుకో. పై పొర, కింది పొర కలిపి లాగే వాకింగ్ ఫుట్ మిషన్ బ్యాగుల పనికి చాలా మంచిది. కానీ ఖరీదు ఎక్కువ, బరువూ ఎక్కువే. అమ్మడానికి బ్యాగులు కుట్టే రోజు వస్తే అప్పుడు చూద్దాం.

షాపుకి ఉత్త చేతులతో వెళ్లకు. నీ రిప్‌స్టాప్ ముక్కలు, కార్డురా, 25 మిల్లీమీటర్ల బెల్టు, నువ్వు వాడబోయే దారం తీసుకెళ్లు. షాపువాళ్లు కాటన్ గుడ్డ మీద కుట్టి చూపిస్తారు. దాని మీద అన్ని మిషన్లూ బాగానే కుడతాయి. ముందు మిషన్ చక్రానికి వేసిన బెల్టు తప్పించి, చక్రం చేత్తో తిప్పు. ఎక్కడా పట్టేసినట్టు ఉండకూడదు. సూది పట్టుకునే కడ్డీని వేళ్లతో కదిపి చూడు, ఊగితే అరిగిపోయిందన్నమాట. సెకండ్‌హ్యాండ్‌దైతే ఇది మరీ ముఖ్యం. సూది రంధ్రానికి నడిమధ్య దిగుతోందా, బట్టని అదిమిపట్టే ఫుట్ పైకెత్తితే నైలాన్ బెల్టు మడత దూరుతోందా చూడు. తర్వాత నువ్వు తీసుకెళ్లిన ముక్కలు కుట్టించి, తిప్పి అడుగు చూడు. కింద దారం ఉచ్చులు కడితే టెన్షన్, అంటే దారం బిగువు, సరిచేయించి మళ్లీ కుట్టించు. అప్పటికీ కుదరకపోతే మొహమాటపడకుండా ఇంకో మిషన్ అడుగు. వెనక్కి కుట్టే రివర్స్ ఉన్నదే తీసుకో, కొన్ని పాతవాటిలో ఉండదు.

కుట్టు పొడవు 3 మిల్లీమీటర్ల దాకా పెట్టుకో. మరీ దగ్గర కుట్లు పడితే నైలాన్ ఆ గీత వెంబడే చిరుగుతుంది. రిప్‌స్టాప్‌కి 11 నంబరు సూది, కార్డురాకి 16, బెల్టులు కలిసే చోట 18. దారం పాలియెస్టర్‌దే కావాలి. కాటన్ దారం తడిసి తడిసి కుళ్లిపోతుంది. పల్చటి బట్టకి గుండుసూదులు వద్దు, ఆ రంధ్రాల్లోంచి నీరు కారుతుంది. క్లిప్పులు పెట్టుకో. కుట్ల రంధ్రాలనీ మూసెయ్యాలి. సిలికాన్ పూత బట్టకి సిలికాన్ రాయాలి, పీయూ (పాలీయురేథేన్) పూత ఉన్నదానికి కుట్ల మీద అంటించే సీమ్ టేపు అతుకుతుంది.

భుజం పట్టీ కలిసే చోట షాపు బ్యాగులకి దగ్గరదగ్గరగా జిగ్‌జాగ్ కుట్టు ఉంటుంది కదా, అది నీ మిషన్‌లో రాదు. దాని కోసం జిగ్‌జాగ్ మిషన్ కొనక్కర్లేదు. చతురస్రంగా కుట్టి, లోపల ఇంటూ గుర్తు వేసి, రివర్స్‌లో రెండు మూడుసార్లు తిరిగితే సరిపోతుంది. కావాలంటే చీరలకి పీకో చేసేవాళ్ల దగ్గర వేయించుకోవచ్చు, వాళ్లది జిగ్‌జాగ్ మిషనే. బెల్టు అంత మందం తీసుకుంటుందో లేదో ముందే అడుగు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. రాళ్లెక్కేటప్పుడు నడుముకి కట్టుకునే హార్నెస్, తాళ్లకి తగిలించే పట్టీలు ఎంత బాగా కుట్టగలిగినా ఇంట్లో కుట్టొద్దు. ప్రాణం వేలాడే వస్తువు పరీక్ష చేసి ముద్ర వేసినదే కొనుక్కో.

బేరం కుదిరాక డబ్బు కట్టేముందు నువ్వు కుట్టించిన ముక్కల ఫోటోలు, పైవైపు ఒకటి, అడుగు ఒకటి, నాకు పంపు. చూసి చెబుతాను.

మీ మావయ్య