తెలుగు స్క్రిప్ట్‌కి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? వైజాగ్‌లో రాసుకుంటున్న నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఇద్దరు స్నేహితులు కలిసి మొదటి సినిమా స్క్రిప్ట్ రాస్తున్నారు. ఒకరు గాజువాకలో, ఇంకొకరు హైదరాబాద్‌లో. ఇన్నాళ్లూ వర్డ్‌లో రాశారు. ఫైనల్ డ్రాఫ్ట్ అనే స్క్రిప్ట్ రాసే సాఫ్ట్‌వేర్ లేకపోతే ఎవరూ సీరియస్‌గా తీసుకోరని తెలిసినాయన ఒకరు చెప్పారు. అంత డబ్బు పెట్టి కొనాలా, వద్దా?

డైలాగులు తెలుగులో రాస్తుంటే ఇప్పుడే కొనకండి. వైజాగ్‌లో షార్ట్ ఫిల్ములకు, ఒక వెబ్ సిరీస్‌కు రాసిన అనుభవంతో చెబుతున్నాను. ఏ సాఫ్ట్‌వేర్ గొప్పది అనే దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ స్క్రిప్ట్ చివరికి ఎవరి చేతిలో ఉంటుంది, వాళ్లు దాన్ని ఏ భాషలో, ఏ లిపిలో చదువుతారు?

ఫైనల్ డ్రాఫ్ట్ మంచిదే, అందులో అనుమానం లేదు. హాలీవుడ్‌లో దాన్నే ప్రమాణంగా చూస్తారు. కానీ దాని లెక్కంతా కొరియర్ ఫాంట్, 12 పాయింట్ మీద నడుస్తుంది. ఆ ఫాంట్‌లో ప్రతి అక్షరానికీ ఒకటే వెడల్పు. అందుకే పేజీకి ఇంచుమించు ఒక నిమిషం సినిమా అనే అంచనా పుట్టింది. మన లిపికి ఆ లెక్క కుదరదు. 'క'కీ 'క్ష్మీ'కీ ఒకే వెడల్పు ఎక్కడుంటుంది? కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఖాళీ కూడా ఎక్కువ కావాలి. నేను ఒక సీన్‌ను ఇంగ్లీషులో రాస్తే మూడు పేజీలు వచ్చింది, అదే తెలుగులో దాదాపు అయిదు పేజీలు అయింది. అప్పటినుంచి పేజీలు లెక్కపెట్టడం మానేశాను. ప్రతి సీన్‌నూ గట్టిగా చదివి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి టైమ్ చూసుకుంటాను. మీరూ అలాగే చేయండి, ఏ సాఫ్ట్‌వేర్ వాడినా సరే.

ఇంకో సంగతి. మన దగ్గర చాలామంది ఇప్పటికీ పేజీని నిలువునా రెండుగా చేసి రాస్తారు. ఎడమవైపు దృశ్యం, కుడివైపు డైలాగ్. ఇదేదో పాతకాలపు అలవాటు అనుకుని నేనూ మొదట్లో పక్కన పెట్టాను. షూటింగ్‌కి వెళ్లాక దాని విలువ తెలిసింది. ప్రాంప్టింగ్ ఇచ్చే, అంటే నటులకు డైలాగ్ చదివి అందించే అసిస్టెంట్ డైరెక్టర్ కన్ను కుడి వరుస మీదే ఉంటుంది. ఆర్ట్, కాస్ట్యూమ్ వాళ్లు ఎడమ వరుస చూసుకుని తమకు కావలసినవి రాసుకుంటారు. ఎవరికి కావలసింది వాళ్లకు వెతుక్కోకుండా దొరుకుతుంది.

ఇప్పుడు నాకు బాగా నొప్పి తగిలిన రెండు అనుభవాలు చెప్పాలి, ఎందుకంటే నేను సాఫ్ట్‌వేర్ ఎంచుకునే పద్ధతి వీటి నుంచే వచ్చింది.

మొదటి స్క్రిప్ట్ చేత్తో రాసి, ఇక్కడే ఒక డీటీపీ సెంటర్‌లో టైప్ చేయించాను. వాళ్లు వాడింది పాత పద్ధతి తెలుగు ఫాంట్, యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లో, ఫోన్‌లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కాదు. వాళ్ల స్క్రీన్ మీద ముత్యాల్లా కనిపించింది. ఆ వర్డ్ ఫైల్‌ను హైదరాబాద్‌లో ఒక ఆఫీసుకు మెయిల్ చేశాను. అవతల తెరిస్తే తెలుగు ఒక్క ముక్క లేదు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన గందరగోళం. వాళ్లు రెండోసారి అడగలేదు. ఆరు నెలల కష్టం అలా పోయింది. అందుకే చెబుతున్నాను, ఏది వాడినా యూనికోడ్ తెలుగులోనే రాయండి. పంపేటప్పుడు వర్డ్ ఫైల్ కాకుండా పీడీఎఫ్ చేసి పంపండి. పంపే ముందు దాన్ని వేరేవాళ్ల ఫోన్‌లో ఒకసారి తెరిచి, ఒత్తులు విడిపోకుండా ఉన్నాయో లేదో చూడండి.

రెండోది ఫిషింగ్ హార్బర్‌లో జరిగింది. వేకువన బోట్లు ఒడ్డుకు చేరే వేళ ఒక భార్యాభర్తల సీన్. నేను రాసిన మాట "ఏటి సేస్తన్నావు? ఎల్లిపోదామా?" అని. దాన్ని ఫోన్‌లో టైప్ చేసినప్పుడు కీబోర్డ్ తనంతట తానే "ఏమిటి చేస్తున్నావు? వెళ్ళిపోదామా?" అని దిద్దేసింది. రాత్రి హడావుడిలో నేను చూసుకోలేదు. తెల్లారి ప్రాంప్టింగ్ ఇచ్చే కుర్రాడు ఉన్నది ఉన్నట్టు చదివాడు, నటి కూడా అదే పలికింది. మానిటర్ ముందు కూర్చున్న నాకు గుండె జారిపోయింది. అక్కడ వల విప్పుతున్న పెద్దాయన ఒకాయన ఆగి మా వైపు చూశారు. ఆ మాట ఆ ఒడ్డుది కాదని ఆయనకు వెంటనే తెలిసిపోయింది. వెలుతురు మారిపోతుండటంతో రెండు టేకులే దొరికాయి.

వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారు మన ఉత్తరాంధ్రవారే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. అలాంటి నేల మీద మన యాసను కీబోర్డ్ దిద్దుతుంటే ఊరుకోకూడదు. సెట్టింగ్స్‌లో ఆటో కరెక్షన్ ఆపేయండి. మీ పాత్రలు తరచుగా వాడే మాటలను పర్సనల్ డిక్షనరీలో చేర్చుకోండి. అరగంట పని.

ఇక సాఫ్ట్‌వేర్ల విషయం. ఒక్కరే కూర్చుని రాసేటప్పుడు నేను స్క్రైట్ వాడతాను. బెంగళూరులో తయారైంది, మన భాషలను దృష్టిలో పెట్టుకునే చేశారు. ఇంగ్లీషు అక్షరాలతో కొడుతుంటే తెలుగు పడుతుంది. సీన్ హెడింగ్ ఇంగ్లీషులో, డైలాగ్ తెలుగులో కావాలన్నా ఇబ్బంది లేదు. నాకు బాగా నచ్చింది సీన్లను కార్డుల్లా పరచుకుని అటూ ఇటూ జరుపుకోవడం. సీన్ ఆర్డర్ వేసుకునేటప్పుడు, ముఖ్యంగా ఇంటర్వెల్ ఎక్కడ పడాలో తెలియక కొట్టుకుంటున్నప్పుడు, కథంతా ఒక్కసారి కళ్ల ముందు కనిపిస్తుంది. రేపు ఎవరైనా ఫైనల్ డ్రాఫ్ట్ ఫైల్ అడిగినా అందులోంచి తీసి ఇవ్వొచ్చు.

మీరు ఇద్దరు, వేర్వేరు ఊళ్లలో ఉన్నారు. మీకు నా సలహా గూగుల్ డాక్స్. రెండు గడుల టేబుల్ వేసుకుంటే రెండు వరుసల పద్ధతి వచ్చేస్తుంది. ఇద్దరూ ఒకేసారి రాయొచ్చు, పక్కన కామెంట్లు పెట్టుకోవచ్చు, నిన్నటి డ్రాఫ్ట్ కావాలంటే వెర్షన్ హిస్టరీలో దొరుకుతుంది. 'మండలి' అనే తెలుగు ఫాంట్ పెట్టుకోండి, కళ్లకు హాయిగా ఉంటుంది. డైలాగ్ మనసులో వినిపిస్తున్నప్పుడు ఫోన్‌లో వాయిస్ టైపింగ్ కూడా పనికొస్తుంది, కాకపోతే అది కూడా యాసను మార్చేస్తుంది, తరవాత సరిచూసుకోవాలి.

ఫౌంటెన్ గురించి కూడా ఎవరైనా చెప్పే ఉంటారు. మామూలు టెక్స్ట్ ఫైల్‌లో స్క్రిప్ట్ రాసే పద్ధతి అది, 2012లో వచ్చింది. ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది, డబ్బు ఖర్చు లేదు. అయితే అందులో పాత్ర పేరును క్యాపిటల్ లెటర్స్ చూసి గుర్తుపడుతుంది. తెలుగులో క్యాపిటల్స్ ఎక్కడివి? అందుకని పేరు ముందు ప్రతిసారీ @ గుర్తు పెట్టాలి. తెలుగు సీన్ హెడింగ్ అయితే ముందు చుక్క పెట్టాలి. అలవాటైతే పర్లేదు గానీ, మొదటి స్క్రిప్ట్‌కే ఈ తలనొప్పి ఎందుకు?

ఫైనల్ డ్రాఫ్ట్ ఎప్పుడు కొనాలంటే, ముంబై వాళ్లకో, ఓటీటీ వాళ్లకో ఇంగ్లీషులో స్క్రిప్ట్ ఇవ్వాల్సి వచ్చి, వాళ్లే ఆ ఫైల్ కావాలని అడిగినప్పుడు. అప్పుడు కూడా ముందు ట్రయల్ దింపుకుని, మీ సీన్లలోంచి బాగా ఒత్తులున్న డైలాగులు ఒక రెండు పేజీలు కొట్టి, పీడీఎఫ్ తీసి చూశాకే డబ్బు కట్టండి.

ఇప్పటికే వర్డ్‌లో సగం పైగా రాసేసి ఉంటే ఈ డ్రాఫ్ట్ అందులోనే పూర్తి చేయండి. మధ్యలో మారిస్తే వారం రోజులు ఫార్మాట్ సర్దడంతోనే పోతుంది, కథ చల్లారిపోతుంది. రెండో డ్రాఫ్ట్ మొదలుపెట్టే రోజున కొత్తదానిలోకి వెళ్లండి. టేబుల్ ఎలా వేసుకోవాలో తెలియకపోతే ఇక్కడే అడగండి, నా ఖాళీ టెంప్లేట్ పంపిస్తాను.