ఊరు విడిచిన పిల్లలను వెతుక్కుంటూ పోతున్న మనవరాలికి

హనుమకొండ

బిడ్డా,

రజాకార్ల కాలంలో ఊళ్లు విడిచి పారిపోయిన అప్పటి పిల్లల మాటలు రికార్డు చేస్తానని బయలుదేరుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో ఒక్కరికైనా ఈ బుద్ధి పుట్టిందని సంతోషించాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మంథని, మహాదేవపూర్, కాళేశ్వరం అంటున్నావు, అంతా గోదావరి ఒడ్డే. నీకు ఈత రాదు.

ఛార్జర్ మర్చిపోకు. పొద్దున్నే పో, అన్నం తిన్నాక ముసలోళ్లకు కునుకు పడుతుంది. నగదు దగ్గరుంచుకో, ఫోన్‌పే ఉంది కదా అనకు. 1948లో మేం నది దాటి సిరోంచ చేరినప్పుడు మా అమ్మ కొంగుముడిలో నిజాం రూపాయలు పదకొండున్నాయి. సిరోంచ అప్పటికే ఇండియన్ యూనియన్‌లో ఉంది, అక్కడ నిజాం పైసలు నడవవు. "హాలీ సిక్కా నాకొద్దు, కల్దార్ ఉంటే తే" అన్నాడు దుకాణపాయన. హాలీ సిక్కా అంటే నిజాం రూపాయి, కల్దార్ అంటే ఇండియా రూపాయి. పైసలుండీ ఆ పూట పస్తున్నాం.

ఏ సంవత్సరం అని అడగకు, ఏ పండుగకు ముందు అని అడుగు. భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చిన పోలీసు చర్య సెప్టెంబర్ 13న మొదలై 17న నిజాం లొంగిపోవడంతో అయిపోయిందని ఏ పుస్తకం తెరిచినా ఉంటుంది. ఆ యేడు బతుకమ్మ ఎవరింటి ముందు ఆడారో అందులో ఉండదు.

ఇక నేను చేసిన తప్పు విను. 1998లో, యాభై ఏండ్లయిందని, నాకూ నీలాగే పిచ్చి పట్టింది. టేప్ రికార్డర్ పట్టుకొని మా అక్క దగ్గరికి పోయాను. ఊరు విడిచిననాడు అక్కకు తొమ్మిదేండ్లు, నాకు ఐదు. మక్క చేన్లో రెండు రాత్రులు దాక్కున్నది, పచ్చి కంకులు నమిలి నేను కడుపునొప్పితో ఏడ్చింది, బర్రె పలుపు విప్పి వదిలేస్తే అది మా వెనకే వచ్చింది, అన్నీ వరసగా చెప్పింది. పడవ దగ్గరికొచ్చి, "పట్టపగలే దాటినం" అన్నది. నోరు మూసుకొని ఉండొచ్చు కదా నేను! "కాదక్కా, చిమ్మచీకటి. నాకు మంచిగ గుర్తుంది" అన్నాను. ఇంటినిండా చుట్టాలు. మేనల్లుడు నవ్వాడు కూడా. అక్క నా ముఖం కాసేపు చూసి, "నువ్వే చెప్పు మరి, సదువుకున్నోనివి" అని లేచి వంటింట్లోకి పోయింది. ఆ టేపులో అక్కడి నుంచి గిన్నెల చప్పుడే.

మళ్లీ ఎన్నిసార్లు అడిగినా నవ్వి మాట మార్చింది. నాలుగేండ్లకు పోయింది. దినాలనాడు మా చిన్నాయన, తొంభై ఏండ్ల మనిషి, కట్టె మీద గడ్డం ఆనించుకొని అన్నాడు: "గోదారి నిండుగున్నప్పుడు రాత్రి పడవెవడేస్తడురా? పొద్దు నెత్తి మీదుండె. నీళ్లను జూసి నువ్వు కెవ్వుమంటుంటే మీ అక్కే నీమీద గొంగడి కప్పింది. ఒడ్డు వచ్చేదాక తియ్యలే."

నాకు గుర్తున్న చీకటి ఆ గొంగడిది. తడిసిన గొంగడి వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఊపిరాడదు. అది కూడా పడవ భయమే అనుకున్నాను ఇన్నేండ్లూ.

అందుకే, ఎవరేం చెప్పినా దిద్దకు. చదువుకున్న పిల్లవు, నీకు నోరు దురద పెడుతుంది, తెలుసు. ఆపుకో. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ రాసుకో. మధ్యలో దుఃఖం వస్తే ఫోన్ పక్కన పెట్టి మంచినీళ్లివ్వు, ఫొటో తియ్యకు.

బైరాన్‌పల్లికి పో. 1948 ఆగస్టు 27న రజాకార్లు ఊరి మీద పడి జనాన్ని చంపిన సంగతి అక్కడ పసివాళ్లు కూడా చెప్తారు, బురుజు చూపిస్తారు. అయితే పోలీసు చర్య అయ్యాక పారిపోవడం మా వంతు నుంచి సాయిబుల వంతైంది. మేం సిరోంచ నుంచి తిరిగొచ్చేసరికి మా వాడకట్టులో నా తోటి ఆడుకున్న సాయిబుల పిల్లలు లేరు, తలుపులకు తాళం కూడా లేదు. వాళ్లెవరైనా ఉంటే వాళ్లనూ అడుగు. అడగకుండా వస్తే నాతో మాట్లాడకు.

అక్క టేపు బీరువాలో పెట్టాను, పోయేముందు వచ్చి తీసుకుపో. ఫోన్లోకి ఎక్కించేటప్పుడు చివర్లో ఏం లేదని గిన్నెల చప్పుడు కోసెయ్యకు.

కాళేశ్వరం నుంచి సిరోంచకు ఇప్పుడు బ్రిడ్జి ఉంది. బస్సులో పో. సరదాకైనా పడవ ఎక్కకు.

మీ తాత